మీ ప్రశ్నలు – మా జవాబులు: కంప్యూటర్‌లో కారు గుద్దుడు

ప్రశ్న: గంటకు 56 కి.మీ. వేగంతో కారు గోడను గుద్దడం మా ఫైనలియర్ ప్రాజెక్టు. సాఫ్ట్‌వేర్ ఓపెన్‌రేడియాస్. ముగ్గురం తలో భాగం మెష్ చేసి (లెక్క కోసం చిన్న ముక్కలుగా విడగొట్టి) కలిపితే 1,100 కిలోలు ఉండాల్సిన బండి ఆరు టన్నులు చూపిస్తోంది. బంపర్ మైనంలా వంగిపోతోంది. ఎందుకు?
– మెకానికల్ విద్యార్థులు, తిరుపతి

జవాబు: బంపర్ చేసినవారు కిలో–మి.మీ.–మిల్లీసెకను కొలతల్లో, మిగతా ఇద్దరు టన్ను–మి.మీ.–సెకనులో పనిచేసి ఉంటారు. ఉక్కు దృఢత్వం మొదటి పద్ధతిలో 210, రెండోదానిలో 2,10,000. సాంద్రత తేడా కూడా వెయ్యి రెట్లే. అందుకే ఐదు కిలోల బంపర్ ఐదు టన్నులైంది, వెయ్యి రెట్లు మెత్తబడింది. ముగ్గురూ ఒకే పద్ధతికి రండి. వేగం కూడా మార్చాలి: టన్ను పద్ధతిలో అది సెకనుకు సుమారు 15,600 మి.మీ.

నోడ్ల (మెష్ ముక్కల మూల బిందువుల) నంబర్లు ఒకరివి మరొకరివాటితో కలవకుండా ముందే పంచుకోండి: ఒకరికి 10 లక్షల నుంచి, మరొకరికి 30 లక్షల నుంచి, ఇలా. స్పాట్ వెల్డులు (రేకులను చుక్కలుగా కలిపే అతుకులు), కాంటాక్టులు (భాగాలు ఒకదానిలోకి ఒకటి చొరబడకుండా చూసే నిబంధనలు) వేరే ఫైల్లో పెట్టి ఒక్కరికే అప్పగించండి. అందరూ చెయ్యి పెడితే అది తెగదు.

అసలు చిక్కు అతుకుల దగ్గరే వస్తుంది. 1.2, 1.8 మి.మీ. రేకులను మధ్యతలంతో (మందానికి సరిగ్గా నడిమి తలంతో) గీస్తే రెండింటి మధ్య 1.5 మి.మీ. ఎడం ఉండాలి. తగ్గితే గోడ తగలకముందే కాంటాక్ట్ వాటిని విసిరికొడుతుంది. పక్కవారి రేకు మందం తెలియకుండా మెష్ చేస్తే జరిగేది ఇదే.

5 మి.మీ. ఎలిమెంటుకు (మెష్ ముక్కకు) టైమ్ స్టెప్, అంటే లెక్కలో ఒక్కో అడుగు కాలం, సుమారు ఒక మైక్రోసెకను. ఎక్కడో 1 మి.మీ. ముక్క ఒక్కటి మిగిలినా రన్ ఐదింతలు సాగుతుంది. మాస్ స్కేలింగ్‌తో (చిన్న ముక్కలకు కృత్రిమంగా బరువు కలిపి టైమ్ స్టెప్ పెంచడంతో) సరిపెట్టవచ్చు కానీ, కారు ముందుభాగంలో నలిగే రెయిళ్లలో (పొడవాటి దూలాల్లో) బరువు కలపకండి. యానిమేషన్ చూసి మురిసే ముందు ఎనర్జీ గ్రాఫ్ తెరవండి: మొదట్లో సుమారు 133 కిలోజౌళ్లు ఉండాలి, అవర్‌గ్లాస్ ఎనర్జీ (ముక్కలు అసహజంగా వంకరపోవడాన్ని ఆపడానికి ఖర్చయ్యేది) అందులో 5 శాతం దాటకూడదు.

ప్రశ్న: ఆ ఫలితాన్ని భారత్ ఎన్‌క్యాప్ (కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే మన దేశపు) పరీక్షతో పోల్చవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: కుదరదు. అక్కడ వేగం 64 కి.మీ., కారు వెడల్పులో 40 శాతమే తగులుతుంది, ఎదుట ఉండేది నలిగే అల్యూమినియం అడ్డు. పూర్తి వెడల్పుతో గట్టి గోడను 56 కి.మీ. వేగంతో గుద్దించేది అమెరికా పరీక్ష. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే 2010 టయోటా యారిస్ మోడల్‌ను ముందు నడపండి. దాన్ని పోల్చడానికి అసలు కారు పరీక్ష కొలతలున్నాయి. పోల్చేటప్పుడు రెండు త్వరణాలనూ సీఎఫ్‌సీ 60 (క్రాష్ పరీక్షల్లో వాడే ప్రామాణిక ఫిల్టర్) తోనే ఫిల్టర్ చేయండి.