మూర్ఛ జన్యు పరీక్ష మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి బరంపురం నుంచి మామయ్య ఆశీస్సులు.

ఇన్నాళ్లూ పరిశోధన కోసం చదువుతున్న మూర్ఛ జన్యువులను ఇకమీద రోగులకు పరీక్షగా అందించబోతున్నామని, గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి విశాఖకు వచ్చే పిల్లలతోనే మొదలుపెడతామని నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ నేను కోరుకున్న పని ఇది. అందుకే నాకు తెలిసినదంతా దాచుకోకుండా రాస్తున్నాను.

ఏ జన్యువును పరీక్షలో చేర్చాలన్నా, దాని ఫలితం చూసి వైద్యుడు ఏ మందు మానిపిస్తాడో, ఏది మొదలుపెడతాడో, తల్లిదండ్రులకు ఏం చెప్పగలుగుతాడో ముందే కాగితం మీద రాసుకో. రాయడానికి ఏమీ దొరకని జన్యువును ప్రస్తుతానికి పరిశోధనలోనే ఉండనివ్వు.

ఎస్‌సీఎన్1ఏ సంగతే చూడు. ఫ్రాన్స్ వైద్యురాలు షార్లెట్ డ్రావె 1978లో వర్ణించిన పసిపిల్లల తీవ్ర మూర్ఛకు ఈ జన్యువులోని మార్పు కారణమని 2001లో తేలింది. ఆ మార్పు చాలావరకు తల్లిదండ్రుల్లో లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చినదేనని కూడా తెలిసింది. ఈ జన్యువు తయారుచేసే సోడియం ఛానల్, అంటే నాడీకణంలోకి సోడియం వెళ్లే ద్వారం, లోపిస్తే, మెదడులో ఉద్రేకాన్ని అణచి ఉంచే నాడీకణాలే ముందుగా బలహీనపడతాయని 2006లో ఎలుకల మీద చేసిన పరిశోధన చూపించింది. సోడియం ఛానల్‌ను అడ్డుకునే కార్బమజెపైన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ ఈ పిల్లల్లో ఫిట్స్‌ను ఎందుకు పెంచుతాయో అప్పుడు స్పష్టంగా అర్థమైంది. మన సరిహద్దు ఊళ్లలోని చిన్న ఆసుపత్రుల్లో సులువుగా దొరికే మందుల్లో ఇవీ ఉన్నాయి కనుక, జ్వరం వచ్చినప్పుడల్లా ఫిట్స్ గంటసేపు వదలని ఏడాదిలోపు బిడ్డకు మీ నివేదిక సకాలంలో చేరితే చాలా హాని తప్పుతుంది.

దానికి దగ్గరి జన్యువే అయిన ఎస్‌సీఎన్2ఏలో విషయం వేరుగా ఉంటుంది. పుట్టిన మూడు నెలల్లోపే ఫిట్స్ మొదలైన పిల్లల్లో ఆ మార్పు సాధారణంగా ఛానల్ పనిని పెంచేదిగా ఉంటుంది, వారికి ఆ మందులే మేలు చేస్తాయి. ఆలస్యంగా మొదలైనవారిలో చాలామందికి ఆ పని తగ్గి ఉంటుంది కనుక, అవే మందులు వారికి పనికిరావు సరికదా హాని కూడా చేయవచ్చు. కాబట్టి నివేదికలో జన్యువు పేరు, మార్పు సంకేతం రాసి సరిపెట్టుకోవద్దు. ఫిట్స్ మొదలైన వయసు, మార్పు వల్ల ఛానల్ పని పెరిగిందా తగ్గిందా అన్నది, జాగ్రత్తపడవలసిన మందుల పేర్లు మొదటి పేజీలోనే ఉండాలి. రాయగడలో ఉన్న పిల్లల వైద్యుడు రెండో పేజీ తిప్పకపోయినా ప్రమాదం రాకూడదు.

నివేదిక వచ్చేదాకా చికిత్స ఆపమని మాత్రం ఎవరికీ చెప్పవద్దు. ఏఎల్‌డీహెచ్7ఏ1 అనే జన్యువు లోపం వల్ల వచ్చే మూర్ఛ బీ6 విటమిన్‌కు లొంగుతుంది. అనుమానం ఉన్న పసికందుకు ఆ విటమిన్ ముందుగానే ఇచ్చి చూడాలి తప్ప రక్తం పంపించి ఎదురుచూడకూడదు.

ఫిట్స్ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష అవసరం లేదు. పుట్టగానే ఏడవని బిడ్డలు, తలకు దెబ్బ తగిలినవారు, బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో తిత్తులు ఏర్పడినవారు మన వైపు చాలామంది ఉన్నారు, వారికి స్కానే దారి చూపిస్తుంది. సరైనవారిని ఎంచుకున్నాక కూడా అందరిలోనూ కారణం దొరకదు. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి సమీక్షలో ప్రొటీన్లను తయారుచేసే జన్యుభాగాలన్నిటినీ చదివే ఎక్సోమ్ పరీక్షతో కారణం దొరికింది సుమారు నూటికి 24 మందిలోనే. ఏమీ దొరకలేదంటే జబ్బు జన్యుపరమైనది కాదని అర్థం కాదు. ఈ మాట నమూనా తీసుకునే ముందే చెప్పాలి.

పరిశోధన నమూనాలో దొరికిన ఫలితాన్ని నేరుగా రోగికి ఇవ్వవద్దు. కొత్తగా రక్తం తీసుకుని, వైద్య ప్రయోగశాలల నాణ్యతా ప్రమాణమైన ఐఎస్ఓ 15189 ప్రకారం గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో దాన్ని నిర్ధారించాలి. పరీక్ష మొదలుపెట్టే ముందు, జవాబు తెలిసిన నమూనాలను పేరు దాచి మీవాళ్లకే ఇచ్చి చూడు. ఎస్‌సీఎన్1ఏలో ఒక ఎక్సాన్ (ప్రొటీన్ తయారీ సూచన ఉండే జన్యువు ముక్క) మొత్తం ఎగిరిపోయిన కేసులను అందులో తప్పక చేర్చు. జన్యు అక్షరాలను వరుసగా చదివే సాధారణ సీక్వెన్సింగ్ వాటిని వదిలేసే ప్రమాదం ఉంది కనుక, ఒక్కో ముక్క ఎన్ని నకళ్లు ఉన్నాయో లెక్కపెట్టే ఎంఎల్‌పీఏ కూడా సిద్ధంగా ఉంచుకో.

రక్తం గడ్డకట్టకుండా ఉంచే, ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబు మీద పేరు రాసేటప్పుడు మన ప్రాంతంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఒకే పిల్లవాడి పేరు ఆధార్‌లో ఒకలా, ఒడియాలో రాసిన ఆసుపత్రి చీటీలో ఇంకొకలా, తెలుగు ఇంటిపేరుతో ఇంట్లో మరొకలా ఉంటుంది. అందువల్ల పేరుతో పాటు పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు లేకుండా ఏ ట్యూబునూ తీసుకోవద్దు. కుటుంబ వృక్షం గీసేటప్పుడు కూడా తల్లిదండ్రులు దగ్గరి బంధువులా అని మాత్రమే అడిగి వదిలేయకు. మేనమామకు పిల్లనివ్వడం మనకు ఎంత మామూలో నీకు తెలుసు, కొందరికి అది చెప్పవలసిన సంగతిగానే తోచదు. అమ్మమ్మ ఎవరు, నానమ్మ ఎవరు, వాళ్లిద్దరికీ చుట్టరికం ఏమిటి అని ఒక్కొక్కరినీ గీతతో కలుపుకుంటూ వెళితే మేనరికం దానంతట అదే బయటపడుతుంది. అటువంటి ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ చెడిన నకలు వస్తేనే జబ్బు చేసే జన్యువులను మరింత శ్రద్ధగా వెతకాలి. అలాంటిది దొరికితే తరువాతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఎస్‌సీఎన్1ఏ వంటి కొత్త మార్పు అయితే ఆ అవకాశం చాలా తక్కువే కానీ, తల్లిదండ్రుల్లో ఒకరి శరీరంలో కొన్ని కణాల్లో అది ఉండవచ్చు కనుక అసలు లేదని రాయకూడదు.

జబ్బు చేస్తాయో లేదో తేలని జన్యు మార్పుల (వేరియంట్ల) దగ్గర ఎక్కువ ఓర్పు కావాలి. 2015లో అమెరికా సంస్థలు ఇచ్చిన హాని లేనిది మొదలు జబ్బు చేసేది దాకా ఐదు తరగతుల పద్ధతినే పాటించు, మధ్యనున్న ‘తేలని’ తరగతిలో పడినదాన్ని ఎవరు ఒత్తిడి చేసినా పైకి జరపవద్దు. ప్రపంచ డేటాబేస్‌లలో యూరప్ సంతతివారే ఎక్కువ, అక్కడ అరుదనిపించిన మార్పు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న మన కులాల్లో మామూలుగా ఉండవచ్చు. పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలు చదివిన జీనోమ్‌ఇండియా సమాచారంతో కూడా సరిపోల్చు. తల్లిదండ్రుల రక్తం కూడా తీసుకోగలిగితే ఈ చిక్కుల్లో సగం అక్కడే విడిపోతాయి.

ఫలితం చెప్పే రోజు తల్లిని తప్పనిసరిగా కూర్చోబెట్టుకో. టీకా వేయించాక జ్వరం వచ్చి మొదటి ఫిట్స్ కనబడిన బిడ్డల తల్లులు తామే తెచ్చిపెట్టామని ఏళ్ల తరబడి కుమిలిపోతారు. ఆస్ట్రేలియాలో టీకా వల్లే మెదడు దెబ్బతిన్నదనుకున్న 14 మందిని పరీక్షిస్తే 11 మందిలో ఎస్‌సీఎన్1ఏ మార్పు కనిపించిందని 2006లో ప్రచురించారు. ఆ మార్పు టీకాకు ముందు నుంచే ఉన్నదని, ఆమె తప్పేమీ లేదని, ఆమె ఇంట్లో మాట్లాడే భాషలో, తొందరపడకుండా చెప్పాలి. సమ్మతి పత్రం కూడా తెలుగులోనూ ఒడియాలోనూ సిద్ధం చేయించు. ఖర్చు భరించలేనివారిని కేంద్ర ప్రభుత్వ ఉమ్మీద్ పథకం కింద వంశపారంపర్య జబ్బుల నిర్ధారణకు ఏర్పడిన నిదాన్ కేంద్రాలకు పంపవచ్చు, వాటిలో ఒకటి హైదరాబాదు నిమ్స్‌లో ఉంది.

ఈరోజు అర్థం కాని డేటా రేపు అర్థం కావచ్చు కనుక, ముడి ఫైళ్లు చెరిపివేయవద్దు. రెండేళ్లకొకసారి పాత కేసులను మళ్లీ చూసే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించు. ఇక్కడి కుటుంబాలు పనికోసం సూరత్ దాకా వలస వెళతాయి కాబట్టి, ఊళ్లో ఉండే మరొక బంధువు ఫోన్ నంబరు కూడా తీసుకో.

మీరు ఎంచుకున్న జన్యువుల పట్టికను, ప్రతి పేరు పక్కన మందుల వివరంతో నాకు పంపించు. చదివి నా అభిప్రాయం వెంటనే రాస్తాను.

ఇట్లు,
మామయ్య