చిన్నాకి, గ్రూపుల కట్టుబాట్ల గురించి

చిన్నా,

నువ్వు మిద్దెతోటల వాళ్లకి గ్రూపులు పెట్టి, పేర్లకీ మెసేజ్‌ల పొడుగుకీ కట్టుబాట్లు రాస్తున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మనింట్లో నా తర్వాత ఈ పని నెత్తికెత్తుకున్నది నువ్వేనని ఎంత మురిసిపోయానో. అంతలో "పది లైన్లు దాటితే తీసేస్తాడట" అన్నాడు. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు.

ముందు పేర్లు. మా రోజుల్లో యూజ్‌నెట్ అని, కంప్యూటర్ల మీద విషయానికో గుంపుగా చేరి రాసుకునే చోటు ఉండేది. అక్కడి పేర్లలో పెద్దది ముందు, చిన్నది చివర. తెలుగువాళ్లం కలుసుకునే గుంపు పేరు సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు. సమాజం, సంస్కృతి, భారతదేశం దాటాక గానీ మనం వచ్చేవాళ్లం కాదు. 1987లో అక్కడి గుంపుల పేర్లన్నీ మార్చి ఓ వరసలో పెట్టారు. పేరు చూడగానే ఏ గుంపు దేనికో తెలిసేది. నువ్వు మాత్రం ఆ వరస తిరగెయ్. ఫోన్లో పేరు చివర తెగిపోతుంది కాబట్టి విషయమే ముందుండాలి: "విత్తనాలు – ఖమ్మం మిద్దెతోట", "తెగుళ్లు – ఖమ్మం మిద్దెతోట". అన్నింటికీ "మిద్దెతోట మిత్రమండలి" అని ఒకే తల తగిలిస్తే, పెద్దవాళ్లు పురుగు పట్టిన ఆకు ఫొటో తీసుకెళ్లి విత్తనాల గ్రూపులో పెడతారు. వాళ్లని కసురుకోకు, తప్పు పేరుది. "మిద్దెతోట" కలిపి రాస్తావో విడగొట్టి రాస్తావో ఈరోజే తేల్చుకో, లేకపోతే వెతికినవాళ్లకి సగం గ్రూపులు దొరకవు. నీ పేరు పెట్టకు. సంవత్సరం అసలే పెట్టకు.

పొడుగు సంగతి. అక్షరాలు లెక్కపెట్టే నియమం తెలుగుకి పనికిరాదు నాన్నా. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే ఎస్సెమ్మెస్‌లో తెలుగైతే 70 దగ్గరే ఆగిపోతుంది, అదీ కంప్యూటర్ లెక్కలో. లైన్ల లెక్క ఇంకా మోసం. ఆ మోసంలో నేనే పడ్డాను.

తొంభైల్లో ఇక్కడ ఓ తెలుగు మెయిలింగ్ లిస్టుకి, అంటే ఒకరు రాస్తే అందరికీ ఈమెయిల్లో వెళ్లే ఏర్పాటుకి, వచ్చిన ఉత్తరాలు చూసి పంపే పని నాది. అప్పట్లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో, అమెరికాలోని రైస్ యూనివర్సిటీ కుర్రాళ్లు కట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో కొట్టేవాళ్లం. ణ కావాలంటే క్యాపిటల్ 'ఎన్', ళ కావాలంటే క్యాపిటల్ 'ఎల్'. ఉత్తరం చివర సంతకం నాలుగు లైన్లు దాటకూడదని అందరికీ తెలిసిన మర్యాద. నేనింకో అడుగు ముందుకేసి, ఉత్తరమే 40 లైన్లు దాటకూడదన్నాను. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన, రాయలసీమ రైతు, జొన్న పాతర గురించి, అంటే జొన్నలు దాచడానికి నేలలో తవ్వే గొయ్యి గురించి రాశారు. గొయ్యి ఎక్కడ తవ్వాలి, లోపల గడ్డి ఎలా పరవాలి, పైన మట్టి ఎలా మెత్తాలి, అన్నీ. 112 లైన్లు. ఒక్కో వేలితో కొట్టి ఉంటారు. నేను రెండే మాటలు రాసి తిప్పి పంపాను: "40కి కుదించండి." ఒక్క "గారూ", ఒక్క "దయచేసి" లేదు.

కుదించారు. 38 లైన్లు. అందులో ఒకచోట "పాతర తెరిచిన వెంటనే ఎవరూ దిగరాదు" అని ఉంది. ఎందుకని ఒక కుర్రాడు అడిగాడు. ఆయన జవాబు నాకిప్పటికీ కంఠతా వచ్చు: "ఎందుకో రాస్తే నలభై దాటుతుంది నాయనా." మళ్లీ ఆయన ఎప్పుడూ రాయలేదు. డిస్కులో చోటు లేదని మొదటి ఉత్తరం నేనే చెరిపేశాను. మూసిన పాతరలో విషవాయువు పేరుకుంటుందనీ, దీపం దించి చూశాకే మనిషి దిగాలనీ చాలా ఏళ్లకి అనంతపురంలో ఒకామె చెబితే తెలిసింది. ప్రాణం తీసే సంగతి నా నలభై లైన్ల కింద పడి పోయింది. ఇంకేం పోయాయో ఇప్పుడెవర్ని అడగను?

అందుకని నీ పది లైన్లు ప్రశ్నలకి మాత్రమే పెట్టు. మొక్క పేరు, ఊరు, ఎన్నాళ్లైంది, ఫొటో, చాలు. "అనుభవాలు – ఖమ్మం మిద్దెతోట" అని ఇంకోటి తెరువు, అక్కడ కొలత వద్దు. మొదటి లైన్లో సంగతేమిటో చెప్పమను, అంతే. ఎవరైనా తప్పుచోట పొడుగ్గా రాస్తే తీసెయ్యకు. ఫోన్ చేసి "బాబాయ్ గారూ, ఇది అక్కడ పెడదామా" అని అడిగి నువ్వే పెట్టు. ముందు ఒక కాపీ దాచు. యాహూ గ్రూపులు 2020లో మూసేశాక అక్కడి మాటలు ఎన్ని పోయాయో నాకు తెలుసు. నెలకోసారైనా వేరేచోట భద్రం చెయ్, బద్ధకించావంటే నీ చెవి మెలేస్తాను.

ఒక్కడివే అన్నీ చూసుకోకు, రాత్రి పదింటికి ఫోన్ పక్కన పెట్టి పడుకో. ఇక్కడ కుండీలో నా దొండపాదు ఆకులు పసుపెక్కుతున్నాయి. ప్రశ్నల గ్రూపు తెరవగానే నన్ను చేర్చు. పది లైన్లలోనే అడుగుతాను.

మీ అత్త