కంపెనీ డబ్బుతో వచ్చే పోషకాహార సలహాలు నమ్మొచ్చా?

పాప స్కూల్లో పంచిన పోషకాహార కరపత్రం వెనక ఓ బిస్కెట్ కంపెనీ పేరుంది, నమ్మొచ్చా అని అడిగారు.

అందులో అబద్ధాలు ఉంటాయనుకోకండి. చాలావరకు రాసిందంతా నిజమే అయి ఉంటుంది. కిటుకంతా రాయకుండా వదిలేసిన దాంట్లో ఉంటుంది. "రోజూ ఆడుకోండి, అన్నీ తినండి" అంటారు, చక్కెర ఊసెత్తరు.

గ్లోబల్ ఎనర్జీ బ్యాలెన్స్ నెట్‌వర్క్ అని అమెరికాలో ఓ శాస్త్రవేత్తల బృందం ఉండేది. ఊబకాయం విషయంలో తిండి మీద కన్నా వ్యాయామం మీదే దృష్టి పెట్టాలన్నది వాళ్ల వాదన. దానికి కోకా కోలా 15 లక్షల డాలర్లు ఇచ్చిందని 2015లో బయటపడింది. ఆ ఏడాది చివరికల్లా దుకాణం మూసేశారు. ఇంకా పాత కథ 1967 నాటిది. గుండెజబ్బులకు కొవ్వును తప్పుపట్టి, చక్కెరను తేలిగ్గా వదిలేసిన హార్వర్డ్ పరిశోధకుల సమీక్షకు చక్కెర పరిశ్రమే డబ్బిచ్చింది. వ్యాసంలో ఆ మాటే లేదు, 2016లో గానీ లోకానికి తెలియలేదు.

అలాగని కంపెనీ సొమ్ముతో జరిగిన ప్రతి పరిశోధనా చెత్త కాదు. కాకపోతే డబ్బెవరిదో చెప్పినంత మాత్రాన కంపెనీ వైపు మొగ్గు పోదని నా అభిప్రాయం.

మన హైదరాబాద్ తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కింద నడిచే ప్రభుత్వ సంస్థ. 2024లో 17 సూచనలతో ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది, నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. చక్కెర, ఉప్పు, బాగా ప్రాసెస్ చేసిన తిండి తగ్గించమని, లేబుల్ చదవమని సూటిగా ఉంది. మీ కరపత్రాన్ని దాని పక్కన పెట్టి చూడండి, ఏది మిస్సయిందో ఇట్టే తెలుస్తుంది.