పి0303 మిస్సింగ్‌కి ఈసీఎం మార్చాల్సిందేనా?

కాయిల్ (ప్లగ్‌కి కరెంటిచ్చేది), ప్లగ్ మార్చినా పి0303 కోడ్ పోవట్లేదు, షెడ్డులో ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ బాక్స్, మార్చాలంటున్నారు, డబ్బు పెట్టమంటారా అని అడిగారు. ఇంజెక్టర్లు (సిలిండర్లకు పెట్రోలు చిమ్మేవి) మీటర్‌తో కొలిపించకుండా మాత్రం పెట్టకండి. రెండేళ్ల కింద నేను ఇక్కడే దెబ్బతిన్నాను, అదీ రెండుసార్లు.

నాది పాత పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు. ఓ వానాకాలం పొద్దున ఉప్పల్ నుంచి వస్తూ హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగితే సీటు కింద నుంచి ఎవరో తంతున్నట్టు ఒకటే ఊపు. తొక్కితే పికప్ లేదు. చెక్ ఇంజన్ లైటు మిణుకు మిణుకుమంటోంది. (మీకూ అలా మిణుకుమంటుంటే బండి తిప్పకండి. కాలని పెట్రోలు కెటాలిటిక్ కన్వర్టర్‌లోకి (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసేది) పోయి మండుతుంది. అది పాడైతే ఇంకో పెద్ద బిల్లు.)

పి0303 అంటే మూడో సిలిండర్ సరిగ్గా మండట్లేదని మాత్రమే. ఎందుకో అది చెప్పదు. మా మెకానిక్ మూడో కాయిల్‌ని ఒకటో దానితో మార్చి పెట్టాడు. లోపం కాయిల్‌దైతే కోడ్ పి0301కి పోవాలి, పోలేదు. ప్లగ్గులు మార్చి చూసినా అంతే. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) నాలుగింటికీ ఇంచుమించు ఒకటే. అప్పుడు పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజెక్టర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. మిగతావన్నీ టిక్కుటిక్కుమంటున్నాయి, మూడోది చప్పుడే లేదు. కనెక్టర్ పీకి చూస్తే 12 వోల్టులు వస్తున్నాయి గానీ రెండో పిన్ను మీద ఈసీఎం ఇవ్వాల్సిన పల్స్ లేదు. వైరు కూడా బాగానే ఉంది.

“బాక్స్ పోయింది సార్, వేరేది ఏస్కోవాల్సిందే” అన్నాడు.

అతను చెప్పింది నిజమే. కానీ ఎందుకు పోయిందో అతనూ అడగలేదు, నేనూ అడగలేదు. అదే మోడల్ బండి నుంచి తీసిన పాత బాక్స్ కొన్నాను. పెడితే సెల్ఫ్ తిరుగుతుంది, బండి స్టార్ట్ కాదు. ఇమ్మొబిలైజర్, అంటే తెలిసిన తాళంచెవి కాకపోతే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు! ఆ బాక్స్‌కి నా తాళంచెవి తెలీదు కదా. నా బాక్స్‌లోని డేటా దానిలోకి ఎక్కించాక స్టార్టయింది. మూడు రోజులు హాయిగా తిరిగాను. నాలుగో రోజు తార్నాక దగ్గర మళ్ళీ అదే ఊపు, అదే మూడో సిలిండర్.

ఈసారి రాణిగంజ్‌లో ఓ పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, ముందు మీటర్ తీశాడు. మామూలు పోర్ట్ ఇంజెక్టర్ లోపలి తీగచుట్ట 12 నుంచి 16 ఓమ్స్ దాకా చూపిస్తుంది (డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లకు ఈ లెక్క కుదరదు). నావి మిగతా మూడూ 14 దగ్గర ఉన్నాయి. మూడో సిలిండర్‌ది 3! ఇంజెక్టర్‌కి ఒకవైపు ఎప్పుడూ 12 వోల్టులుంటాయి, రెండో వైపు ఈసీఎంలోని చిన్న ట్రాన్సిస్టర్ గ్రౌండ్ ఇస్తుంది. ఓమ్స్ తగ్గితే కరెంటు పెరుగుతుంది కాబట్టి, దాని గుండా ఒక ఆంపియర్ లోపు పోవాల్సిన చోట నాలుగు పోతున్నాయి. కొన్ని బాక్సుల్లో అది తనంతట తాను ఆగిపోతుంది, నా బాక్సుల్లో మాడిపోయింది. దొంగని ఇంట్లోనే పెట్టుకుని తాళాలు మార్చానన్నమాట.

మీ స్కానర్‌లో పి0203 కూడా ఉందేమో చూడండి. అది ఆ ఇంజెక్టర్ సర్క్యూట్‌లో లోపం. నా దాంట్లో మొదటి రోజు నుంచీ ఉంది, మేమే పట్టించుకోలేదు. ఇంజెక్టర్‌ని చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి కొలిపించండి. అక్కణ్ణుంచి ఈసీఎం దాకా వైరింగ్ ఎలుకలు కొరికిందా, బాడీకి తగులుతోందా కూడా చూడాలి. ఈసీఎం కనెక్టర్ పీకేముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి.

అన్నీ బాగుండి పల్స్ మాత్రం రాకపోతే అప్పుడు ఈసీఎం మీదే అనుమానం. అయినా మీ పాత బాక్స్ షాపులో వదిలేయకండి. ఆ పెద్దాయన ఇంజెక్టర్ మార్చి, నా మొదటి బాక్స్‌లో కాలిన ట్రాన్సిస్టర్ ఒక్కటీ తీయించి కొత్తది వేయించాడు. డేటా దాంట్లోదే కాబట్టి తాళంచెవి గొడవే రాలేదు. ఇప్పటికీ అదే నడుస్తోంది, కొన్న బాక్స్ అటక మీద ఉంది.

నాలుగు ఇంజెక్టర్ల ఓమ్స్ ఎంతెంత వచ్చాయో చెప్పండి, చూద్దాం.