ఈతకొలనులో ఘాటు వాసన ఎందుకు?

ప్రశ్న: వేసవి శిబిరం కోసం మా అబ్బాయి దగ్గరలోని ఈతకొలనుకు వెళ్తున్నాడు. ఇంటికి వచ్చేసరికి కళ్లు ఎర్రబడుతున్నాయి, ఒంటినిండా క్లోరిన్ వాసన. మందు ఎక్కువ కలుపుతున్నారా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: చాలామంది అలాగే అనుకుంటారు గానీ, సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. నీటిలోని క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిసినప్పుడు క్లోరమైన్లు అనే పదార్థాలు ఏర్పడతాయి. ఆ ఘాటు వాసనకూ కళ్ల మంటకూ ఎక్కువగా అవే కారణం, అంటే క్రిములను చంపవలసిన క్లోరిన్ అప్పటికే ఖర్చయిపోతోందన్నమాట. పైకప్పు లేని కొలనులో మన మే నెల ఎండ కూడా క్లోరిన్‌ను త్వరగా హరిస్తుంది కాబట్టి, తెల్లవారుజామున ఒక్కసారి కలిపి ఊరుకుంటే సాయంత్రం బ్యాచ్ నాటికి అది చాలదు. లీటరు నీటికి కనీసం 1 మిల్లీగ్రాము స్వేచ్ఛా క్లోరిన్ (ఇంకా ఖర్చవకుండా క్రిములను చంపడానికి మిగిలినది), 7.2 నుంచి 7.8 మధ్య పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఉండేలా రోజుకు పలుమార్లు పరీక్షించి రిజిస్టరులో రాయాలి. దాన్ని చూపమని అడగడానికి మీరు మొహమాటపడనక్కరలేదు. ఇసుక ఫిల్టరును ఎప్పుడు కడిగారో కూడా అడగండి. మీ అబ్బాయి మాత్రం సబ్బుతో స్నానం చేశాకే నీళ్లలోకి దిగాలి (తలకు నూనె రాసి పంపే తల్లులు మన ఊళ్లో తక్కువేమీ కాదు). కొలను అడుగు స్పష్టంగా కనబడని రోజున అసలు దింపకండి. అలాంటి నీటిలో మునిగినవారు గట్టుమీది లైఫ్‌గార్డుకు కనిపించరు.