ఆ ముద్ర ఎక్కడుంది?

తమ్ముడూ,

యూరప్‌లో కేథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య రాజుకున్న ముప్పై ఏళ్ల యుద్ధం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. 1618లో ప్రాగ్ కోట కిటికీలోంచి అధికారుల్ని తోసేయడం దగ్గర్నుంచి యుద్ధాన్ని ముగించిన 1648 వెస్ట్‌ఫాలియా ఒప్పందం దాకా తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివర్లో మాత్రం "యూరప్ సంస్కృతిపై చెరగని ముద్ర వేసింది" అని చేతులు దులిపేసుకున్నావు. ఆ ముద్ర ఎక్కడుందో చూపించకపోతే చదివేవాడు ఎందుకు నమ్మాలి?

జర్మనీలో ఆగ్స్‌బర్గ్ సంగతి చూడు. ఏటా ఆగస్టు 8న ఆ ఒక్క ఊరికే సెలవు. 1629లో అదే తేదీన అక్కడి ప్రొటెస్టెంట్ల ఆరాధనను నిషేధించారు. యుద్ధం ముగిశాక, 1650లో, వాళ్లు ఆ రోజునే శాంతి పండుగ చేసుకున్నారు. దెబ్బ తిన్న రోజునే పండుగకు ఎంచుకోవడంలో ఎంత పట్టుదల ఉందో ఆలోచించు. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాల్సింది.

జర్మనీలోనే ఒబెరామర్‌గావ్ అనే పల్లె ఉంది. సైన్యాలతో పాటే తిరిగిన ప్లేగు 1633లో దాన్నీ వదల్లేదు. గండం గడిస్తే క్రీస్తు కథను నాటకంగా ఆడుతూ ఉంటామని ఊరంతా మొక్కుకుంది. 1634లో మొదలైన ఆ నాటకం ఇప్పటికీ పదేళ్లకోసారి జరుగుతోంది. 2020లో ఆడాల్సింది కోవిడ్ వల్ల 2022కి జరిగింది. మహమ్మారి పోవాలని మొక్కిన మొక్కు ఇంకో మహమ్మారి వల్ల వాయిదా! కథలో మనం ఇలా రాస్తే ఎడిటర్లు అతి అని కొట్టేస్తారు.

అయితే పాతగా కనిపించే ప్రతిదీ పాతది కాదు. జర్మనీలోని రోథెన్‌బర్గ్ ఊళ్లో 1631లో మాజీ మేయర్ ఒకాయన మూడుంపావు లీటర్ల వైన్ ఒక్క గుక్కలో తాగేసి, ఊరిని పట్టుకున్న కేథలిక్ సేనాని టిల్లీ మనసు మార్చి ఊరిని కాపాడాడట. ఏటా ఆ ముచ్చట ప్రదర్శిస్తారు, జనం విరగబడతారు. ఆ నాటకం మొదట ఆడింది 1881లో, అంటే రెండున్నర శతాబ్దాల తర్వాత. దాన్ని పారేయమనను. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్లు తమ గతాన్ని ఎలా చూసుకోవాలనుకున్నారో అది చెబుతుంది. 1631కి సాక్ష్యంగా మాత్రం వాడకు.

ఇంకొకటి, దోపిడీ ఊసే ఎత్తలేదు నువ్వు. 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్ నుంచి ఎత్తుకెళ్లిన భారీ చేతిరాత గ్రంథం, 'దయ్యం బైబిల్' అంటారు, ఇవాళ్టికీ స్టాక్‌హోమ్‌లోని జాతీయ గ్రంథాలయంలోనే ఉంది. దాని మీద ఒక పేరా రాయి. సేనాధిపతుల పేర్లు సగం తీసెయ్. సంచికకు ఇంకా టైముంది, టెన్షన్ పడకుండా తిరగరాసి పంపు.

మీ అన్నయ్య