తిట్లు గుర్తున్నాయి, కొలత గుర్తులేదు

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. రెండేళ్ల క్రితం ఇంటి ముందు గదిలో బొటిక్ పెట్టాను. పని బాగానే వస్తోంది కానీ చేతిలో డబ్బు నిలవడం లేదు. పోయిన శ్రావణంలో ఒకావిడ పట్టు జాకెట్టు బిగుతైందని వీధంతా వినేలా తిట్టి, చీర ఖరీదు కట్టమంది. ఆ టెన్షన్‌తో వారం పాటు షాపు తెరవలేకపోయాను. "చదువుకున్నవాళ్లకే వ్యాపారం చేతకావడం లేదు, నీకెందుకు" అంటూ మావారు మూసేయమంటున్నారు. తమ్ముడేమో ఆన్‌లైన్ బిజినెస్ కోర్సులో చేరమంటున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టాను. ఏం చేయమంటారు?

జవాబు: ఆవిడ ఏమేం అందో పూసగుచ్చినట్టు రాశారమ్మా. జాకెట్టు ఎక్కడ బిగుతైందో మాత్రం రాయలేదు. చంక దగ్గరా, చేతి దగ్గరా? ఒంటి మీద కొలతలు తీశారా, ఆది జాకెట్టు చూసి కుట్టారా? ఆ ఆది ఎప్పటిది? మనిషి ఒళ్లు చేశాక కూడా పెళ్లినాటి జాకెట్టే ఆదిగా ఇచ్చేవాళ్లు బోలెడు మంది. విప్పుకోవడానికి లోపల గుడ్డ వదిలారా? ఇవి మీకు నాకంటే బాగా తెలుసు. అవమానం మనసులో అంతగా నాటుకుపోవడంతో అసలు సంగతి చూసే ఓపిక లేకపోయింది, అంతే.

అనుభవమే అన్నీ నేర్పుతుందని అంటారు. నేనంత గట్టిగా నమ్మను. ఇరవై ఏళ్లుగా అదే పొరపాటు చేస్తూ, తప్పంతా కస్టమర్ మీదికే తోసే దుకాణాలు మన ఊళ్లో లేవా! జరిగింది ఆ పూటే రాసుకుని, మర్నాడు పద్ధతి కాస్తయినా మార్చుకున్నవాళ్లకే అనుభవం పనికొస్తుంది. ఒక నోటుబుక్కు పెట్టండి. "ఫలానావిడ అరిచింది" అని కాదు, "ఆది పాతది, ఒంటి కొలత తీయలేదు" అని రాయండి. ఇకనుంచి ఆది ఇచ్చినా సరే, ఛాతీ, చేతి లూజు టేపుతో మళ్లీ చూడండి. పట్టు గుడ్డయితే కత్తెర పెట్టేముందు కొలతల చీటీ మీద వాళ్ల సంతకం తీసుకోండి. తప్పు మీదేనని తేలితే ఆవిడకు గుడ్డ ఖరీదు, కుట్టుకూలి ఇచ్చేయండి. చీర ఖరీదు కట్టాల్సిన పని లేదు.

డబ్బు నిలవకపోవడానికి కారణం కూడా ఆ పుస్తకంలోనే దొరుకుతుంది. తెలిసినవాళ్లే కదా అని ఫాల్, పికో ఊరికే చేసి పెడుతున్నారేమో చూడండి. మగ్గం వర్కు బయట చేయిస్తుంటే వాళ్లకు మీరు ముందే డబ్బిచ్చి, కస్టమర్ దగ్గర డెలివరీ రోజున తీసుకుంటున్నారా? అడ్వాన్సు లేకుండా వర్కు పంపకండి. మీ కూలి, ఆ గది అద్దె ఖర్చుల్లో రాయకపోతే లాభమో నష్టమో ఎప్పటికీ తేలదు. అందరూ వరలక్ష్మీ వ్రతానికి వారం ముందు చీరలు పట్టుకొస్తారు, ఆ హడావిడిలోనే కుట్లు తప్పుతాయి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, టైలర్లు ఖాళీ. అప్పుడే తెచ్చిచ్చినవాళ్లకు కూలి కొంచెం తగ్గించి చూడండి.

కోర్సు సంగతి తర్వాత. మీ దగ్గర లెక్కలే లేనప్పుడు అక్కడ చెప్పే పాఠం దేనికి అన్వయించుకుంటారు?

అన్నిటికంటే నన్ను కంగారుపెట్టింది గాజుల మాట. వ్యాపారంలో నష్టం వస్తే సర్దుకోవచ్చు, దాచిన అప్పు బయటపడితే మీవారు మీ లెక్క ఏదీ నమ్మరు. బ్యాంకు రసీదు తీసుకెళ్లి ఈ వారమే ఆయనకు చూపించండి. కోప్పడతారు, పడనివ్వండి. అత్తగారికి ఇద్దరూ కలిసి చెప్పండి. గడువు తేదీ ఆయనకూ తెలిసుండాలి, కట్టకపోతే నగలు వేలానికి పోతాయి. ఇకముందు పెట్టుబడి కావాలంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ముద్ర రుణ పథకంలో, 'శిశు' అనే విభాగం కింద 50 వేల వరకు అప్పు తాకట్టు లేకుండా ఇస్తారు. మీ బ్యాంకులో అడగండి.

మూసేయమంటున్న ఆయన్ను నేను తప్పుపట్టను. ఆయనకు కనిపిస్తున్నది మీ ఏడుపే, మీ లెక్కలు కాదు. వచ్చే శ్రావణం దాటేవరకు గడువు అడగండి. నెలాఖరున పుస్తకం ఆయన ముందు పెట్టండి. అప్పటికీ మీ కూలి కూడా గిట్టకపోతే, టైలర్లను మానిపించి మీ ఒక్క మిషన్ మీద కుట్టుకోవచ్చేమో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.